రాజధాని చరిత్రలో 1908 సెప్టెంబరు 28కి చోటేది?

సంపాదకులు గారికి,

హైదరాబాద్ చరిత్ర మీద పత్రికలు వేసే ప్రత్యేక పేజీల్లో కొన్ని తేదీలు తప్పకుండా ఉంటాయి. 1591లో చార్మినార్, 1687లో గోల్కొండ పతనం, 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్ బ్రిటిష్ రెసిడెన్సీ మీద చేసిన దాడి, 1948 సెప్టెంబరు 17, 1956 నవంబరు 1, 2014 జూన్ 2. ఇవన్నీ ఉండాల్సినవే. అయితే అన్నిటికీ కొలత ఒక్కటే: గద్దె మీద ఎవరున్నారు, ఊరు ఏ రాజ్యానికో రాష్ట్రానికో రాజధాని అయింది. ఊళ్లో జనం ఎక్కడ ఇళ్లు కట్టుకున్నారు, ఏ నీళ్లు తాగారు, ఏ ఒడ్డు వదిలి ఏ గుట్ట మీదికి వెళ్లారు అన్నది ఈ తేదీలు చెప్పవు. అది తెలియాలంటే మూసీ వరద ఊరిని ముంచిన 1908 సెప్టెంబరు 28 దగ్గర ఆగాలి. ఆ తేదీకి మాత్రం మన పేజీల్లో దక్కేది ఒక పాత ఫొటో, దాని కింద నాలుగు వాక్యాలు. ఆ కాసిన్ని వాక్యాల్లోనూ మూడు పొరపాట్లు ఏళ్ల తరబడి అచ్చవుతూనే ఉన్నాయి. కుండపోత వాన ఒక్కటే వరదకు కారణమని మొదటిది. విశ్వేశ్వరయ్య వచ్చి రెండు జలాశయాలు కట్టారని రెండోది. జలాశయాలతో మూసీ ముప్పు తీరిపోయిందని మూడోది. మూడోదాన్ని నమ్మి నది ఒడ్డున ఇల్లు కట్టుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

ముందు ఆనాటి సంగతి. తుఫాను వాన సెప్టెంబరు 26 నుంచే మూసీ, ఈసీ నదుల ఎగువన పట్టుకుంది. శంషాబాద్ వర్షమాపకంలో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.90 అంగుళాలు నమోదయ్యాయి. 28 తెల్లవారుజాముకల్లా నది ఊళ్లోకి వచ్చేసింది. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ పోయాయి. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్ ఒక్కటే రెండు ఒడ్లనూ కలుపుతూ మిగిలింది. కోల్సావాడి, ఘాన్సీబజార్ లాంటి ఒడ్డు వాడలు తుడిచిపెట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కొట్టుకుపోయింది. దాని ఆవరణలోని చింతచెట్టు ఎక్కిన 150 మంది దాకా బతికి బయటపడ్డారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టును చూడొచ్చు. మొత్తం మీద 15,000 మంది దాకా చనిపోయారనీ, 19,000 ఇళ్లు కూలాయనీ, 80,000 మంది నిలువనీడ లేకుండా అయ్యారనీ సాధారణంగా చెప్పే లెక్క. అప్పటికి నగర జనాభా మొత్తం 5 లక్షలకు అటూఇటూ.

మూసీ పొంగడం అదే మొదలు కాదు. 1631లో, 1831లో, 1903లో కూడా పొంగింది. 1908లో తేడా ఎక్కడ వచ్చిందంటే, చెరువుల్లో.

వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిస్తే మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో వచ్చి లెక్కలు తీశారు. నగరానికి ఎగువన పరీవాహక ప్రాంతం 860 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు, అంటే దాదాపు చదరపు మైలుకొకటి. వాటిలో 221 చెరువులు తెగాయి. నగరం దగ్గర వరద ఉద్ధృతి గరిష్ఠంగా 4,25,000 క్యూసెక్కులని, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులని అంచనా కట్టారు. ఈ 221 అన్న అంకె లేకుండా 1908 వరద గురించి రాస్తే సగం కథ వదిలేసినట్టే.

ఒక చెరువు ఎలా తెగుతుందో, దాని వెనక వంద ఎలా తెగుతాయో ఇక్కడ చెప్పాలి. ఇది నూరేళ్ల కిందటి సంగతి మాత్రమే కాదు. చెరువుకు మట్టికట్ట, పంటకు నీళ్లు వదిలే తూము, నిండాక మిగులు నీరు దిగిపోయే మత్తడి ఉంటాయి. మత్తడినే కొన్ని జిల్లాల్లో అలుగు అంటారు. మత్తడి పైఅంచుకూ కట్ట పైఅంచుకూ మధ్య కొన్ని అడుగుల తేడా ఉంచుతారు. చెరువుకు ప్రాణం ఆ తేడాలోనే ఉంది. మత్తడి పొడవు, దాని మీద పారే నీటి మందం కలిపి ఎంత వరదను దించగలదో ముందే లెక్కవేసి కడతారు. ఆ లెక్క ఆ చెరువుకు వచ్చే సొంత వాగునీటికీ, పై చెరువు మత్తడి మామూలుగా దించే నీటికీ సరిపోతుంది. పై చెరువు తెగి, అందులో ఉన్నదంతా గంటలో వచ్చి పడితే ఏ మత్తడీ దించలేదు. నీరు కట్ట ఎక్కుతుంది.

మట్టికట్ట మీంచి నీరు పొర్లితే ఇక నిలబడదు. పొర్లిన నీరు కట్ట వెనక వాలును అడుగునుంచి కోసుకుంటూ పైకి వస్తుంది, కట్ట మందం తరిగిపోతుంది, చివరికి ఒక్కచోట గండి పడుతుంది. గండి మొదట రెండు మూడు గజాలే ఉంటుంది. నీటి ఒరవడికి రెండువైపులా అంచులు కూలి చూస్తుండగానే పెద్దదవుతుంది. తెగడానికి రెండో దారి తూము. తూము రాతికట్టుకూ మట్టికీ మధ్య సందు పడితే నీరు సన్నగా ఊరుతుంది. ఊరే నీరు తేటగా ఉన్నంతసేపు గాభరా అక్కర్లేదు. బురదగా మారిందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. ఎలుక బొరియలూ, చచ్చిన చెట్ల వేళ్లు కుళ్లిన దారులూ ఇదే పని చేస్తాయి. ఇక మనుషులు చేసేది: ఇంకో పంటకు నీరు నిలవాలనో, చేపల కోసమో మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చడం, సిమెంటు వరస లేపడం. అడుగు ఎత్తు లేపితే, వరద దించుకోవడానికి ఉంచిన తేడాలో అడుగు పోయినట్టే. నగరంలో దీనికి ఇంకో రకం తోడైంది. చెరువు శిఖంలో, అంటే నిండితే నీరు నిలిచే నేలలో ప్లాట్లు వేసినవాళ్లు ఇళ్లు మునగకుండా మత్తడిని తగ్గించమంటారు. మత్తడి కింద వాగును పూడ్చి ఇల్లు కట్టినవాళ్లు అటు నీళ్లే రావొద్దంటారు. ఇద్దరి మాటా చెల్లితే ఆ నీరు తనకు తోచిన దారి వెతుక్కుంటుంది.

ఈసీ, మూసీ వాలుల్లోని గొలుసుకట్టు చెరువులు 1908లో ఇలాగే పైనుంచి కిందికి వరసగా తెగాయి. వాన నీరు ఒక్కటే అయితే గంటల తరబడి విడతలుగా వచ్చేది. చెరువులు దాచిన నీరు కూడా దానితో కలిసి ఒక్కసారి వచ్చింది. అందుకే ఒడ్డు జనానికి ఇల్లు వదిలే వ్యవధి దొరకలేదు.

రెండో పొరపాటు పేర్లకు సంబంధించినది. విశ్వేశ్వరయ్య ఇచ్చింది పథకం. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను తాత్కాలికంగా అక్కడ ఆపాలనీ, నగరంలో నది పట్టగలిగినంత నీటినే కిందికి వదలాలనీ, ఒడ్లు ఎత్తుచేసి నది పక్కన ఉద్యానాలు, బాటలు వేయాలనీ, మురుగునీటి వ్యవస్థ కట్టాలనీ అందులో ఉంది. 1909 అక్టోబరులో నివేదిక ఇచ్చి, నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. మురుగునీటి పథకానికి సలహా ఇవ్వడానికి తర్వాత 1922లో మళ్లీ వచ్చారు. వరద నాటికి పాలకుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఆయన 1911లో పోయారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడిందీ, 1913లో మూసీ మీద గండిపేట పని మొదలైందీ, 1920లో అది ఉస్మాన్‌సాగర్‌గా పూర్తయిందీ, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయిందీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో. కట్టినవారు నిజాం ప్రజాపనుల శాఖ ఇంజనీర్లు. హిమాయత్‌సాగర్‌తో పేరు ముడిపడిన నవాబ్ అలీ నవాజ్ జంగ్, తర్వాత 1931లో పూర్తయిన నిజాంసాగర్‌కూ ఇంజనీరు. తెలుగు పాఠకుల్లో ఆయన పేరు విన్నవారు తక్కువ. ఒకరికి ఇచ్చే గౌరవం తగ్గించకుండానే ఇంకొకరి పేరు కూడా అచ్చు వేయొచ్చు కదా.

ఇప్పుడు మనం చూసే నది ఒడ్డు నగరం ఆ వరద తర్వాత తయారైందే. హైకోర్టు 1920 ప్రాంతంలో, సిటీ కాలేజీ 1921లో, ఉస్మానియా ఆస్పత్రి 1925లో ఒడ్డు మీద లేచాయి. పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరస, వెడల్పు చేసిన రోడ్లు, కొత్త ఇళ్ల కాలనీలు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పనులు. చార్మినార్ కట్టిన ఏడాదికి ఇచ్చే చోటులో కొంత 1912కి ఇచ్చినా చాలు. నీళ్ల తేదీలంటే 1562 కూడా చేరుతుంది. హుస్సేన్‌సాగర్ కట్టింది అప్పుడే, చార్మినార్ కంటే దాదాపు 30 ఏళ్ల ముందు. మూసీ నుంచి కాల్వ తవ్వి దాన్ని నింపారు. ఊరు పుట్టకముందే ఊరికి చెరువూ వంతెనా ఉన్నాయి. చార్మినార్ మీద అన్ని పేజీలు వేసే మనం ఈ వరసక్రమాన్ని గమనించం.

మూడో పొరపాటే ప్రమాదకరమైనది. దీన్ని అంకెలతోనే చూడాలి. అవి కష్టమైనవి కావు, బడిపిల్లలు కూడా వేయగలరు.

ఒక చదరపు మైలు మీద అంగుళం నీరు నిలిస్తే 23.2 లక్షల ఘనపుటడుగులు. 860 చదరపు మైళ్లకు హెచ్చిస్తే దాదాపు సరిగ్గా 2 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). అంటే పరీవాహకమంతటా కురిసిన వానలో నేల తాగగా మిగిలి వాగుల్లో పారేది ప్రతి అంగుళానికీ 2 టీఎంసీలన్నమాట. ఉస్మాన్‌సాగర్ సామర్థ్యం 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌ది 2.97. రెండూ కలిపి 6.87. శంషాబాద్‌లో పడిన 12.8 అంగుళాలు అంతటా పడి ఉండకపోవచ్చు. సగటున 8 అంగుళాలే అనుకుందాం. అందులోనూ సగమే పారిందనుకుందాం. అదే 8 టీఎంసీలు అవుతుంది. రెండు జలాశయాలూ అడుగంటి ఉన్నా అంత నీరు పట్టదు. ఇంకోవిధంగా చూసినా ఇదే తేలుతుంది: 4,25,000 క్యూసెక్కుల వరద గంటకు 1.53 టీఎంసీలు తెస్తుంది. ఆ ఉద్ధృతి అలాగే కొనసాగితే ఖాళీ జలాశయాలు రెండూ నాలుగున్నర గంటల్లో నిండుతాయి. పైగా సెప్టెంబరు నెలాఖరుకు వాటిని ఖాళీగా ఎవరు ఉంచుతారు?

రెండిటిలో హిమాయత్‌సాగర్ సంగతి వేరు. దాని ఎగువ పరీవాహకం 505 చదరపు మైళ్లు, ఉస్మాన్‌సాగర్‌ది 285 మాత్రమే. నీళ్లు పట్టేది మాత్రం హిమాయత్‌సాగర్‌లోనే తక్కువ. ఈసీ పరీవాహకంలో రెండున్నర అంగుళాల నీరు పారితే ఖాళీ హిమాయత్‌సాగర్ నిండిపోతుంది. ఉస్మాన్‌సాగర్ నిండడానికి దాదాపు ఆరు అంగుళాలు కావాలి. వర్షాకాలంలో ముందుగా ఏ జలాశయం మీద కన్నేసి ఉంచాలో ఈ రెండు అంకెలే చెబుతాయి. బాపూఘాట్ దగ్గర ఈసీ వచ్చి మూసీలో కలిశాక నగరంలోకి దిగే వరదలో పెద్ద వాటా ఈసీదే కావచ్చు. వార్తల్లో మాత్రం రెండు జలాశయాలనూ ఒకే గాటన కడతారు.

ఇక్కడే జీవో 111 వస్తుంది. 1996 మార్చి 8న ఇచ్చిన ఆ ఉత్తర్వు రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ హద్దులను సడలించింది. ఈ వాదనలో ఎప్పుడూ తాగునీటి మాటే వినబడుతుంది. నగరానికి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కదా, గండిపేట నీళ్ల అవసరం తగ్గింది కదా అంటారు. తాగునీటి వరకు ఆ మాట కొంత నిజం. వరద లెక్కలో మాత్రం చెల్లదు. చేను, బీడు, పొదలు ఉన్న నేల వానలో కొంత తాగి, మిగతాది మెల్లగా వదులుతుంది. కప్పు, రోడ్డు, పార్కింగు నేల దాదాపు అంతా వదిలేస్తుంది, అదీ వెంటనే. పైన వేసిన లెక్కలో సగం పారుతుందన్న చోట ముప్పాతిక అని రాసి చూడండి. 8 టీఎంసీలు 12 అవుతాయి. వాన పెరగలేదు, జలాశయం తగ్గలేదు, నేల మారింది అంతే. నాడు 18.90 అంగుళాలు కొలిచిన శంషాబాద్‌లోనే 2008 నుంచి అంతర్జాతీయ విమానాశ్రయం నడుస్తోంది. ఆ చుట్టూ కాంక్రీటు ఎంత పరుచుకుందో వేరే చెప్పనక్కర్లేదు.

పూడిక సంగతి కూడా ఉంది. కొత్తల్లో వేసిన సామర్థ్యం లెక్కనే నూరేళ్ల తర్వాతా వాడకూడదు. వాగులు తెచ్చిన ఒండ్రు అడుగున చేరుతుంది. కొంత కాలానికోసారి లోతులు కొలిచి పట్టిక సవరించకపోతే, కాగితం మీద ఖాళీ ఉందనుకున్న చోట నిజానికి మట్టి ఉంటుంది.

జలాశయాలకు దిగువన కురిసే వాన మీద వాటికి ఏ అదుపూ లేదన్నది ఇంకో విషయం. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడి, హుస్సేన్‌సాగర్ దిగువ బస్తీలు మునిగాయి. 2020 అక్టోబరు 13న వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి వచ్చినప్పుడు ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు, బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడింది. ఆ వాన తగ్గాక నాలుగు రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు తెగి పాతబస్తీ కాలనీల్లోకి నీరు వచ్చింది. 1908లో 221 చెరువులకు జరిగిందే ఒక్క చెరువుకు జరిగితే ఎలా ఉంటుందో అక్కడ తేలింది. 2025 సెప్టెంబరు చివర్లో జలాశయాల గేట్లు ఎత్తాక ఇమ్లిబన్ బస్టాండులోకి మూసీ వచ్చింది. ఆ బస్టాండు నది నడుమ దిబ్బ మీద కట్టినది. నీరు దారి తప్పి అక్కడికి రాలేదు, దాని దారి అదే.

గేట్ల గురించి ఒక మాట. తాగునీటికి జలాశయం నిండుగా ఉండాలి, వరదకు ఖాళీగా ఉండాలి. ఒకే కట్టడం రెండు పనులూ చేయాలంటే కాలాన్నిబట్టి మట్టం మార్చుకోవాలి. వర్షాకాలం మొదట్లో పట్టి, ఆగస్టు, సెప్టెంబరుల్లో కొంత ఖాళీ ఉంచి, అక్టోబరు వానలు అయ్యాక నింపుకోవడం పెద్ద డ్యాముల్లో అలవాటైన పద్ధతి. పూర్తి మట్టం దాకా ఆపి, ఆ తర్వాత వచ్చింది వచ్చినట్టు వదిలితే జలాశయం వరదను తగ్గించినట్టు కాదు, కొన్ని గంటలు వాయిదా వేసినట్టు. ముందుగా వదలడానికి ఎంత సమయం కావాలో కూడా లెక్క ఉంది. 1 టీఎంసీ అంటే 24 గంటల పాటు 11,574 క్యూసెక్కులు. అదే 3 రోజుల మీద సర్దితే 3,860 క్యూసెక్కులు సరిపోతుంది. వాయుగుండం ఏర్పడుతోందని వాతావరణ శాఖ చెప్పిన రోజే మొదలుపెడితే ఒక టీఎంసీ చోటు దొరుకుతుంది. ఆఖరి రాత్రి మొదలుపెడితే దొరకదు. మూడు రోజులు వదిలితే లోతట్టు కాజ్‌వేల మీద రాకపోకలు ఆపాల్సి వస్తుంది, విమర్శలు వస్తాయి. తీరా వాన రాకపోతే నీళ్లు వృథా చేశారని పత్రికలే రాస్తాయి. అధికారులు వెనకాడడానికి అదో కారణం. కాబట్టి ముందస్తు విడుదల ఎందుకో పాఠకులకు చెప్పే బాధ్యత పత్రికల మీదా ఉంది.

ఇక వరద మట్టం గుర్తులు. 1908లో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో నగరంలో నడిచేవాళ్లకు కనిపించేలా ఉండాలి. ఇందుకు ఖర్చు పెద్దగా ఉండదు, పని మాత్రం పద్ధతిగా జరగాలి. మొదట నాటి రికార్డుల్లోని మట్టాన్ని సముద్రమట్టం లెక్కలోకి మార్చాలి. తర్వాత సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్కు (ఎత్తు ముందే కొలిచి పెట్టిన గుర్తు) నుంచి లెవలింగ్ పరికరంతో ఒక్కో చోటికీ ఎత్తు తీసుకురావాలి, మళ్లీ బెంచ్‌మార్కు దాకా వెనక్కి కొలుచుకుంటూ వెళ్లి తేడా ఎంత వచ్చిందో చూసుకోవాలి. వరద మట్టం నది పొడవునా ఒకే ఎత్తులో ఉండదు, దిగువకు పోయేకొద్దీ వాలుతుంది. పురానాపూల్ దగ్గరి మట్టాన్నే చాదర్‌ఘాట్ దాకా గీస్తే తప్పు. నాటి ఫొటోలో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడం ఏదైనా ఉంటే దానితో సరిచూడొచ్చు. గుర్తును రంగుతో వేయకూడదు, రెండేళ్లకు సున్నం కింద పోతుంది. రాతిలో చెక్కాలి, లేదా ఎనామిల్ పలక బిగించాలి. ప్రహరీ గోడల మీద పెట్టకూడదు, రోడ్డు వెడల్పులో మొదట పోయేవి అవే. వంతెన స్తంభాలు, ప్రభుత్వ భవనాల పునాదిగోడలు మంచివి. ఒకే పలక మీద 1908తో పాటు 2000, 2020, 2025 మట్టాలు కూడా ఉంటే చూసేవాళ్లకు పోల్చుకోవడం తేలిక. వారసత్వ కట్టడాల మీద మేకులు కొట్టకుండా పక్కన రాతిస్తంభం పాతాలి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. రోజూ వేసే వాతావరణ గడిలో ఉష్ణోగ్రతల పక్కన జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా రెండు జలాశయాలకూ నాలుగేసి అంకెలు వేయండి: ఇవాళ్టి నీటిమట్టం, పూర్తి మట్టానికి ఇంకా ఎన్ని టీఎంసీల ఖాళీ ఉంది, ఎంత వస్తోంది, ఎంత వదులుతున్నారు. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.50 అడుగులు. అడుగుల్లో మాత్రమే వేస్తే పాఠకుడు పొరబడతాడు. జలాశయం పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి పైభాగంలో ఒక అడుగు ఎత్తుకు పట్టే నీరు, కిందిభాగంలో అదే ఎత్తుకు పట్టేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే ఖాళీని టీఎంసీల్లో వేయమంటున్నాం. వచ్చేదానికంటే వదిలేది వరసగా రెండు రోజులు తక్కువగా ఉండి, ఖాళీ అర టీఎంసీకి పడిపోయి, పైన వాన సూచన ఉంటే, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్, శంకర్‌నగర్ ఒడ్డు జనం సామాన్లు పైకి సర్దుకోవడానికి మైకు ప్రచారం దాకా ఆగక్కర్లేదు. ఈ అంకెలు జలమండలి దగ్గర ఉంటాయి, వరద రోజుల్లో విలేకరులకు చెబుతూనే ఉన్నారు. మామూలు రోజుల్లోనూ అడిగి వేయండి.

సెప్టెంబరు 28న వేసే పేజీలో 788, 221 అన్న అంకెలూ అలీ నవాజ్ జంగ్ పేరూ ఉండాలని కోరుతున్నాం.

భవదీయులు,
కొందరు పాఠకులు,
హైదరాబాద్